సముద్రపు చేపల అక్వేరియంలో నాచు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో ఇళ్లలోని ఉప్పునీటి అక్వేరియాల సంరక్షణ నా వృత్తి. నాచు గురించి ప్రచారంలో ఉన్న కొన్ని నమ్మకాల వల్ల చేపలు, నత్తలు, పగడాలు అన్యాయంగా చనిపోతున్నాయి కనుక వాటిని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: ఇంట్లో తాగే ఆర్వో నీరు అక్వేరియానికి సరిపోతుంది.

వాస్తవం: చాలా గృహ ఆర్వో యంత్రాలలో రుచి కోసం కొంత ముడినీటిని తిరిగి కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) కంట్రోలర్ గానీ, ఖనిజాలు చేర్చే కార్ట్రిడ్జ్ గానీ ఉంటుంది. పైగా దక్కను గ్రానైటు రాతినేలల బోరునీటిలో సిలికా కరిగి ఉంటుంది. అది పెద్దగా అయాన్లుగా (విద్యుదావేశమున్న కణాలుగా) విడిపోదు కాబట్టి, నీటి విద్యుత్ వాహకతను కొలిచే టీడీఎస్ మీటరుకు సరిగా చిక్కదు. కొత్త తొట్టెలో ఇసుక మీద గోధుమరంగు పొడిలా పరచుకునే డయాటమ్‌లకు (ఏకకణ సూక్ష్మ నాచులకు) ఆ సిలికాయే ఆధారం. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన అయాన్లను పట్టేసే గుళికలు) కూడా దాటిన నీటిలోనే ఉప్పు కలపాలి. ఆవిరైన నీటి స్థానంలో సైతం ఉప్పు కలపని ఈ నీటినే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు.

అపోహ: టెస్ట్ కిట్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా వచ్చాయి, కాబట్టి నీటిలో లోపం లేదు.

వాస్తవం: కిట్ చూపేది నాచు వాడుకోగా మిగిలినదాన్ని మాత్రమే. రాళ్లనిండా పచ్చని పీచులా అల్లుకున్న నాచు, మేతతో వచ్చిన ఫాస్ఫేట్‌ను వచ్చింది వచ్చినట్టే పీల్చుకుంటుంది. రాళ్లలో ఇంకి ఉన్నది కూడా నీటిలో మోతాదు తగ్గేకొద్దీ మెల్లగా బయటపడుతుంది. అందువల్ల ముందు నాచును చేత్తో పీకి, ఆ ముక్కలను సన్నని గొట్టంతో బయటికి లాగేసి, ఆపైన మేత తగ్గించి, వారానికి పదోవంతు నీరు మార్చాలి. పీకకుండా దీపాలు ఆర్పివేస్తే చచ్చిన నాచు అక్కడే కుళ్లి, ఆక్సిజన్‌ను తగ్గించి, పోషకాలను తిరిగి నీటికే ఇస్తుంది.

అపోహ: పోషకాలను నిజంగానే సున్నాకు దించితే పీడ విరగడవుతుంది.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా అడుగంటిన తొట్టెలో పగడాలు పాలిపోతాయి, పోటీ లేని చోట డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. గాలిబుడగలు చిక్కుకున్న గోధుమరంగు జిగట తీగలు కనిపిస్తూ, నత్తలు ఒక్కొక్కటిగా కదలిక మానేస్తుంటే ఈ డైనోఫ్లాజెల్లేట్లనే అనుమానించాలి. వాటిలో కొన్ని జాతులు విషపూరితమైనవి. పగడాలున్న తొట్టెలో లీటరుకు నైట్రేట్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉండడం మంచిది.

అపోహ: కల్లుప్పు కలిపినా సముద్రపు నీరే అవుతుంది.

వాస్తవం: ఉప్పుమడిలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు మెగ్నీషియంలో అధికభాగం మిగులు ద్రవంలోనే ఉండిపోతుంది, కాల్షియం అంతకుముందే వేరవుతుంది. ఆ ఉప్పుతో లవణీయత వస్తుంది, పగడాలకు కావలసిన ఖనిజాలు రావు. విశాఖ తీరం నుంచి నీరు తెచ్చేవారు కూడా ఉన్నారు. ఒడ్డునీటిలో నగరపు మురుగు కలిసే అవకాశం ఉంది, వానాకాలంలో నదుల నీరు చేరి ఉప్పదనం కూడా పడిపోతుంది.

అపోహ: ఎర్రని పాచికి యాంటీబయాటిక్ వేస్తే చాలు.

వాస్తవం: అది నాచు కాదు, సయనోబాక్టీరియా, అంటే నాచులాగే వెలుతురుతో ఆహారం తయారు చేసుకునే బాక్టీరియా. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దాన్ని చంపవచ్చు గానీ, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియానూ దెబ్బతీయవచ్చు. మొదట పాచిని గొట్టంతో తీసివేసి, ఆ మూలలో నీటి ప్రవాహం పెంచి చూడండి.