పెరట్లో ఎర్రచందనం, ప్లాటులో వేపచెట్టు: అపోహలు - వాస్తవాలు

తిరుచానూరు, అవిలాల, పేరూరు వైపు తిరుపతి శివార్లు విస్తరిస్తున్న కొద్దీ, ఇల్లు కట్టబోయే స్థలాల్లోని చెట్లను పరిశీలించి సలహా చెప్పే మాకు కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతున్నాయి. వాటిలో ఒకటి మొక్కను నాటనీయదు. మరికొన్ని ఎదిగిన చెట్టును బతకనీయవు.

అపోహ: ఇంట్లో ఎర్రచందనం పెంచితే కేసు పెడతారు.

వాస్తవం: సొంత స్థలంలో ఎర్రచందనం నాటడం, పెంచడం నేరం కాదు. అనుమతి కావలసింది చెట్టును నరకడానికి, దుంగను అక్కడి నుంచి తరలించడానికి. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండల పరిసరాల్లోనే సహజంగా పెరిగే ఈ జాతి 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది; మన రాష్ట్రంలో శ్రీగంధం, ఎర్రచందనం కలప రవాణాకు 1969 నుంచే ప్రత్యేక నియమాలున్నాయి. స్మగ్లర్ల అరెస్టు వార్తలు చదివి భయపడి, బిడ్డ పుట్టినప్పుడు నాటుకున్న మొక్కను కూడా పీకేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. కొండల మీద గొడ్డలికి గురవుతున్న చెట్టు పెరటిలోనైనా నిలవడం మనకు అవసరం. నర్సరీ రసీదును, మొక్క ఎదుగుదలను చూపే తేదీలున్న ఫొటోలను భద్రపరచుకుంటే, అది మీరు పెంచిన చెట్టేనని రేపు చూపగలుగుతారు.

అపోహ: పదిహేనేళ్లు ఆగితే ఆ చెట్టు లక్షలు తెచ్చిపెడుతుంది.

వాస్తవం: విలువంతా మధ్యనుండే ఎర్రటి చేవది, అది ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది. నీరు, ఎరువు బాగా అందిన పెరటి చెట్టు త్వరగా లావెక్కినా, లోపల చాలావరకు తెల్లచెక్కే ఉండవచ్చు. మరొక మాట, సువాసన శ్రీగంధానిదే. ఎర్రచందనానికి అలాంటి పరిమళం ఉండదు.

అపోహ: గాలికి పడిపోయిన ఎర్రచందనాన్ని ఎటైనా తీసుకుపోవచ్చు.

వాస్తవం: పడిపోయినా దాని రవాణాకు అనుమతి పత్రం తప్పదు. పడినచోటే ఫొటో తీసి, అటవీ సిబ్బందికి తెలిపిన తర్వాతే దుంగను కదిలించాలి.

అపోహ: వేప, చింత, రావి వంటి మామూలు చెట్లకు ఏ చట్టమూ వర్తించదు, పైగా ఇంటి ప్లాను మంజూరైతే చెట్టుకూ అనుమతి వచ్చినట్టే.

వాస్తవం: 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే మనవాళ్లు వాల్టా అని పిలిచేది, సొంత భూమిలోని చెట్టును నరకడానికి కూడా ముందస్తు అనుమతి తీసుకోమంటుంది. సరుగుడు, సుబాబుల్ వంటి తోటల జాతులకు సడలింపులున్నాయి గాని, నీడనిచ్చే పెద్ద చెట్లను వాటితో కలిపి చూడకూడదు. ప్లాను మంజూరు కట్టడానికి సంబంధించినది; చెట్టు అనుమతి వేరే దరఖాస్తు. గేటు బయట రోడ్డు పక్కనున్న చెట్టు ఇంటి యజమానిది కానే కాదు. చెట్టు మొదలు దగ్గర బెరడును చుట్టూ ఒలిచి, లేదా యాసిడ్ పోసి, "దానంతటదే ఎండిపోయింది" అని చెప్పేవారున్నారు. చెట్టును అలా చంపడమూ నరకడం కిందికే వస్తుంది. పైగా ఎండిన చెట్టు ఏ గాలివానకో పక్కింటి మీద పడే ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది.

చాలా స్థలాల్లో ప్రహరీని నాలుగడుగులు పక్కకు జరిపితే, లేదా సెప్టిక్ ట్యాంకును మరో మూలకు మారిస్తే, నరకవలసిన అవసరమే ఉండదు. అందుకే పునాదికి ముగ్గు పోయకముందే చెట్టు చుట్టుకొలత, వేళ్ల విస్తీర్ణం చూపించుకోండి; అప్పటికీ తప్పదనుకుంటేనే స్థలం పత్రాలు, చెట్టు ఫొటోలు, అది నిలిచిన చోటును గుర్తించిన ప్లాను జతచేసి దరఖాస్తు పెట్టండి.