దగ్గరి అర్థాల ఇంగ్లీషు మాటలు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో పోటీ పరీక్షలకూ, ఉద్యోగ ఇంటర్వ్యూలకూ సిద్ధపడే యువతకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు నేర్పుతున్నాను. వ్యాకరణంలో దొర్లే తప్పులు కొన్ని నెలల సాధనతో తగ్గుతాయి. ఒకే తెలుగు అర్థం కనిపించే రెండు మూడు ఇంగ్లీషు మాటల్లో ఎక్కడ ఏది వాడాలన్న తికమక మాత్రం డిగ్రీ పూర్తిచేసినవారిని కూడా వదలదు. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. బడిలో ఉన్నప్పుడే మనసులో నాటుకున్న కొన్ని అపోహలే దీనికి కారణమని నా నమ్మకం.

అపోహ: పర్యాయపదాలంటే ఒకే అర్థమున్న మాటలు, కాబట్టి ఏది వాడినా ఒకటే.

వాస్తవం: తెలుగులో ఈ సూత్రాన్ని మనం ఏ రోజూ పాటించం. నెత్తురన్నా రక్తమన్నా ఒకటే అయినా, ‘నెత్తురుదాన శిబిరం’ అని ఎవరూ బోర్డు పెట్టరు. ఇల్లన్నా గృహమన్నా ఒకటే అయినా, శుభలేఖ మీద గృహప్రవేశమనే అచ్చు వేయిస్తాం. ఇంటి పెద్దాయన పోయినప్పుడు ‘కాలం చేశారు’ అంటాం. అదే అర్థమున్న మరో మాట అక్కడ వాడితే ఆ ఇంటివారి మనసు నొచ్చుకుంటుంది. ఇవేవీ మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఏ మాట ఏ మాట పక్కన ఒదుగుతుందో వినీ వినీ పట్టుకున్నాం.

ఇంగ్లీషుకూ ఇలాంటి చరిత్రే ఉంది. అచ్చతెలుగు పక్కన సంస్కృతం చేరినట్టే, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత పాత ఇంగ్లీషు మాటల పక్కన ఫ్రెంచి మాటలు, ఆ పైన పండితుల ద్వారా లాటిన్ మాటలు వచ్చి చేరాయి. ‘ఆస్క్’ పాత ఇంగ్లీషు మాట, ‘క్వశ్చన్’ ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘ఇంటరాగేట్’ లాటిన్ మూలానిది. మూడింటికీ తెలుగులో ‘అడుగు’ అని రాసుకోవచ్చు. కానీ దారి తెలియనివారు చేసేది మొదటిది, అధికారి సంజాయిషీ కోరుతూ చేసేది రెండోది, పోలీసులు నిందితుణ్ణి కూర్చోబెట్టి చేసేది మూడోది.

అపోహ: తెలుగు అర్థం తెలిస్తే మాట వచ్చినట్టే.

వాస్తవం: నేను దిద్దే కాగితాల్లో ఎక్కువ ఎర్ర సిరా ఖర్చయ్యేది ఇక్కడే. మనకు ‘చెప్పు’ ఒక్కటే ఉంది, ఇంగ్లీషులో ‘సే’, ‘టెల్’ అని రెండున్నాయి. వీటి మధ్య తేడాను అర్థంలో వెతికితే దొరకదు, పక్కన వచ్చే మాటలో వెతకాలి. సాధారణంగా ‘టెల్’ వెంటనే విన్న మనిషి రావాలి, ‘సే’ వెంట చెప్పిన సంగతి రావాలి. అందుకే ‘హి టోల్డ్ మి’ సరైనది, ‘హి సెడ్ మి’ తప్పు. కథ, నిజం, అబద్ధం వంటి కొన్నింటికి మాత్రం వినేవారి ప్రస్తావన లేకున్నా ‘టెల్’ వాడతారు.

‘చదువు’ కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. పత్రిక చదవడం ‘రీడ్’, పదో తరగతి చదవడం ‘స్టడీ’. ‘మా అబ్బాయి టెన్త్ చదువుతున్నాడండీ’ అన్న వాక్యాన్ని మాటకు మాట మార్చి ‘రీడింగ్’ అనే తల్లిదండ్రులు ఇప్పటికీ కనిపిస్తారు. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ‘రీడ్ లా’ అనే వాడుక ఉన్న మాట నిజమే కానీ, అది బడి చదువుకు చెల్లదు.

లెక్క తిరగబడే చోట్లూ ఉన్నాయి. మిర్చి యార్డు ఉన్న ఊరివాళ్లం కనుక వేడి వేరు, కారం వేరని మనకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ‘హాట్’ అనే అంటారు. ‘స్పైసీ’ అన్నది కారానికీ చెల్లుతుంది, కారం లేని మసాలా ఘాటుకూ చెల్లుతుంది.

తరగతిలో నాకు బాగా ఉపయోగపడే ఉదాహరణ మాత్రం కృష్ణానది మీదే ఉంది. ‘డ్యామ్’, ‘బ్యారేజీ’, ‘అనికట్’ అనే మూడింటినీ మనం వ్యవహారంలో ఆనకట్ట అనేస్తాం. 1855లో విజయవాడ దగ్గర పూర్తయినది అనికట్: నీటిమట్టాన్ని కాలువలకు అందేంత పెంచి, మిగిలిన నీటిని తన మీదుగా పొర్లిపోనిచ్చే కట్టడం. 1952లో దానికి గండి పడ్డాక కట్టి, 1957లో పూర్తిచేసిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. నీటిని ఆపడమూ వదలడమూ ఆ గేట్ల ద్వారానే జరుగుతాయి. ఎగువన నాగార్జునసాగర్‌లో ఉన్నది డ్యామ్, అంటే వెనుక పెద్ద జలాశయాన్ని నిలబెట్టే ఎత్తైన గోడ. బ్యారేజీ మీదుగా రోజూ తరగతికి వచ్చే పిల్లలకు ఈ మూడూ ఒకసారి విడమరిచి చెబితే ఇక మరచిపోరు, ఎందుకంటే ఒక్కో మాట వెనుక కళ్లకు కట్టే ఒక్కో పని ఉంది. అన్నట్టు, ‘అనికట్’ అనే మాట ఇంగ్లీషుకు వెళ్లింది మన దక్షిణాది నుంచే, తమిళంలోని ‘అణైకట్టు’ నుంచి.

అపోహ: ఇంగ్లీషు రావాలంటే తెలుగులో ఆలోచించడం పూర్తిగా మానెయ్యాలి.

వాస్తవం: ఈ సలహా విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇది పిల్లల చేతిలో ఉన్న ఆధారాన్ని లాగేస్తుంది. ‘సీ’, ‘లుక్’ల తేడా చెప్పడానికి పేజీలకు పేజీల వివరణ అక్కర్లేదు: చాలాచోట్ల ‘కనిపించింది’ అనదగిన చోట ‘సీ’, కావాలని ‘చూశాను’ అనే చోట ‘లుక్’. ‘వినిపించింది’, ‘విన్నాను’ అనే జతతో ‘హియర్’, ‘లిజన్’ కూడా తేలిపోతాయి. ‘దోచుకున్నారు’, ‘దొంగిలించారు’ అనే మాటల్లోనే ‘రాబ్’, ‘స్టీల్’ ఉన్నాయి: మనిషినో బ్యాంకునో దోచుకుంటారు, సొమ్మును దొంగిలిస్తారు.

తెలుగు అడ్డుపడే సందర్భాలూ లేకపోలేదు. గడప దాటేటప్పుడు ‘పోతాను’ అనడం అశుభమని ‘వస్తాను’ అంటాం. దాన్నే ‘ఐ యామ్ కమింగ్’ అంటే వినేవారు మనం వాళ్ల వైపు వస్తున్నామనుకుంటారు. అలాంటివి ఏవో గుర్తించి చెప్పడం ఉపాధ్యాయుడి పని.

అపోహ: బరువైన మాట వాడితే ఇంగ్లీషు బాగుంటుంది.

వాస్తవం: ‘బై’ చాలినచోట ‘పర్చేజ్’, ‘బిగిన్’ చాలినచోట ‘కమెన్స్’ రాస్తే ఉత్తరం కాస్తా ప్రభుత్వ ప్రకటనలా మారుతుంది. ఇంటర్వ్యూలో మాట్లాడేవారికి చిన్న మాటే మేలు.

అపోహ: తికమకపెట్టే మాటలను జతలుగా రాసుకుని బట్టీపట్టాలి.

వాస్తవం: మొదట్లో నేనూ ఇలాగే నేర్పాను. ‘బారో’, ‘లెండ్’ ఒకే రోజు బోర్డు మీద రాసి, చేబదులు తీసుకోవడం ఒకటి, ఇవ్వడం ఇంకొకటి అని వివరించాను. మరుసటి వారం తరగతిలో చాలామంది రెండింటినీ తారుమారు చేశారు. అర్థంలో దగ్గరగా ఉన్న మాటల గుంపును ఒకేసారి నేర్చుకోవడం, సంబంధం లేని మాటలను నేర్చుకోవడం కన్నా కష్టమని పరిశోధకుడు టామస్ టింకమ్ 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. ఇప్పుడు ‘బారో’ నాలుక మీద స్థిరపడిన కొన్ని వారాలకు గానీ ‘లెండ్’ పేరెత్తను.

అపోహ: ‘సార్, ఐ హావ్ ఎ డౌట్’ అనడం తప్పు ఇంగ్లీషు.

వాస్తవం: మన దేశంలో అది స్థిరపడిన వాడుక, తరగతిలో దాన్ని నేను దిద్దను. కానీ మన సందేహంలో తెలియకపోవడం ప్రధానమైతే, బ్రిటన్, అమెరికా వారి ‘డౌట్’లో నమ్మకపోవడం ప్రధానం. విదేశీ కంపెనీ అధికారితో ఆ మాట అంటే, ఆయన చెప్పినదాన్ని మనం శంకిస్తున్నామని అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ ‘క్వశ్చన్’ అనాలి.

అపోహ: నిఘంటువులో అర్థం చూసుకుంటే చాలు.

వాస్తవం: అర్థం దగ్గర ఆగిపోకుండా దాని కింద ఇచ్చిన వాక్యాలు చదవాలి. జపాన్‌లో ఇంగ్లీషు నేర్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తయారుచేసి, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన నిఘంటువు, నేర్చుకునేవారికి మాట వాడే తీరును కూడా చూపించింది. ‘సజెస్ట్’ అంటే సూచించు అని మాత్రమే రాసుకున్నవారు ‘సజెస్ట్ మి ఎ బుక్’ అంటారు. కింది వాక్యం కూడా చూసినవారు ‘సజెస్ట్ ఎ బుక్ టు మి’ అని నోట్సులో ఎక్కించుకుంటారు.