ఇంటి ముందు పూలమొక్కలు, చెట్లు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఇళ్లలో తోటలు వేయడం, పాడైన తోటలు బాగుచేయడం నా పని. ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలే. మొక్కలు చాలావరకు కడియం నుంచి తెప్పిస్తాం. మొక్క పాడైందని ఎవరైనా పిలిచి చూపిస్తే, దానికి ఏదో చాలక పాడైనవి తక్కువ, ఏదో ఎక్కువై పాడైనవి, తగని చోట పెట్టడం వల్ల పాడైనవే ఎక్కువ. పైనుంచి ఏం పోయాలని అందరూ అడుగుతారు, కింద మట్టి ఎలా ఉందో మాత్రం చూడరు.

అపోహ: నూరువరహాల ఆకులు పసుపెక్కాయంటే ఎరువు చాలడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసేది ఇదే. కొత్త ఇల్లు, ప్రహరీ పొడవునా వరసగా నూరువరహాలు పెట్టిస్తారు, కొన్నాళ్లకి ఆకులు పసుపెక్కుతాయి, ఇక యూరియా, వర్మీకంపోస్టు, గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద, ఎప్సమ్ సాల్ట్, ఎవరేం చెబితే అది మొక్క మొదలు దగ్గర పోసేస్తారు. ముందు ఆకు చూడండి. కింది ముదురాకులు పసుపెక్కి చిగురు పచ్చగా ఉంటే నత్రజని తక్కువైందనుకోవచ్చు. అదే చివరి లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం గీసినట్టు ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ క్షారగుణం ఎక్కువైన మట్టిలోంచి ఈ మొక్క వేళ్లు దాన్ని తీసుకోలేవు. నూరువరహాలకి కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. మరి ప్రహరీ పక్కన ఏముంటుంది? గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు, పెచ్చులు, సున్నం. జానెడు తవ్వితే చాలు, తెల్లగా బయటపడతాయి. దానికి తోడు బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లయితే రోజూ ఇంకాస్త సున్నం పోస్తున్నట్టే. బూడిద, గుడ్డు పెంకులు రెండూ క్షారగుణం ఉన్నవే కాబట్టి వాటివల్ల సమస్య ముదురుతుంది. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు.

లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండేది ఇందులోనే), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వడగట్టి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే లేతాకులు పచ్చబడతాయి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి, గోధుమరంగుకి తిరిగిపోయింది కొనకండి. టైల్స్ మీద పడితే తుప్పు మరక ఓ పట్టాన పోదు, ముందే గోనెసంచులు పరవండి. ఇంత చేసినా ఇది తాత్కాలికమే. ఆ పెచ్చులన్నీ తవ్వి తీసేసి ఎర్రమట్టి, ఆకుల కంపోస్టు నింపితేనే మొక్క నిలబడుతుంది. అంత పని పెట్టుకోలేమంటే అక్కడ నూరువరహాలు వద్దు, గన్నేరో పచ్చగంటలో పెట్టుకోండి. అవి అలాంటి మట్టిని బాగా తట్టుకుంటాయి.

అపోహ: గన్నేరు గాలి తగిలినా విషమే

గన్నేరు పేరెత్తగానే సగంమంది భయపడతారు. విషం ఉన్న మాట నిజమే. మామూలు గన్నేరైనా పచ్చ గన్నేరైనా ఆకు, పువ్వు, గింజ, కాండం అన్నిట్లో గుండె మీద పనిచేసే విషం ఉంది. పచ్చ గన్నేరు గింజలు మరీ ప్రమాదం. కానీ అది లోపలికి వెళితేనే. పక్కన నిలబడితేనో, పూలు కోస్తేనో ఏమీ కాదు. కత్తిరించాక చేతులు కడుక్కోండి, పాలు కంట్లో పడనివ్వకండి, కొమ్మలు తగలబెట్టకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్నా, ఆవులూ మేకలూ తిరిగే చోటైనా నేనైతే పెట్టనివ్వను. ఎవరైనా నమిలారని అనుమానం వస్తే ఇంటి వైద్యాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: కాగితపు పూల చెట్టుకి రోజూ నీళ్లు పోస్తే బాగా పూస్తుంది

రోజూ పోస్తే ఆకులు బాగా వస్తాయి. మనం పూలనుకునే ఆ రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులే, అసలు పువ్వు వాటి మధ్యలో సన్నగా, తెల్లగా ఉంటుంది. ఈ మొక్క ఎండలో, కాస్త దాహంగా ఉన్నప్పుడే విరగబూస్తుంది. పైమట్టి బాగా ఆరాక, ఆకులు కొద్దిగా వాలుతున్నాయనిపించినప్పుడు నిండా నీళ్లివ్వండి, మళ్లీ ఆరనివ్వండి. యూరియా అసలే వద్దు. రోజుకి ఐదారు గంటల ఎండ పడని బాల్కనీలో ఏం చేసినా పెద్దగా పూయదు, అక్కడ నందివర్ధనం పెట్టుకోవడం నయం.

అపోహ: పూసే మొక్కని కత్తిరిస్తే పాపం, ఎదుగుదల ఆగిపోతుంది

మందారం, కాగితపు పూలు, నూరువరహాలు కొత్త కొమ్మల మీదే పూస్తాయి, కత్తిరించకపోతే పూలు కొసల్లోనే మిగులుతాయి. మల్లెకైతే డిసెంబరు, జనవరి మధ్య నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కత్తిరిస్తేనే వేసవి పూత. కోసిన చోట రంగో పేడో పూయడం కూడా అనవసరం, పదునైన కత్తెరతో నున్నగా కోస్తే చెట్టే దాన్ని మూసుకుంటుంది.

అపోహ: పెద్ద మొక్క కొంటే త్వరగా నీడ వస్తుంది

నర్సరీలో పది అడుగుల మొక్క చూసి మనసు పారేసుకోకండి. చిన్న కవరులో ఏళ్ల తరబడి ఉన్న మొక్కకి వేళ్లు లోపలే గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. భూమిలో పెట్టాక కూడా అవి అలాగే తిరుగుతాయి, లావయ్యేకొద్దీ మొదలునే బిగిస్తాయి, పైకి బాగానే ఉన్న చెట్టు ఓ గాలివానకి పడిపోతుంది. మూడు, నాలుగు అడుగుల ఆరోగ్యమైన మొక్క కొన్నేళ్లలోనే దాన్ని దాటిపోవడం తరచూ చూస్తుంటాను. కొనేముందు కవరు అడుగున చూడండి, లావుపాటి వేళ్లు చుట్టలు తిరిగి ఉంటే వద్దనండి. నాటేటప్పుడు ఎవరేం చెప్పినా సరే, కవరు పూర్తిగా తీసేయాలి. కింద చిల్లులున్నాయి కదా అని కవరుతోనే పాతేసినవి తవ్వి తీసిన ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కాండం మొదలు కవరులో ఎంతవరకు మట్టిలో ఉందో భూమిలోనూ అంతే ఉండాలి. ఇంకా లోతుకి పాతితే బలంగా నిలబడదు, కుళ్లుతుంది.

అపోహ: చెట్టు పెడితే వేళ్లు గోడలు పగలగొడతాయి, పైపుల్లో దూరతాయి

ఈ భయంతోనే చాలామంది మొత్తం గచ్చు చేయించేస్తున్నారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది. వేళ్లు సాధారణంగా గట్టి పైపుని పగలగొట్టవు, అప్పటికే కారుతున్న అతుకు దగ్గర తేమ కోసం దూరతాయి. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త కావాలి, అక్కడ పెద్ద చెట్టు తేమ లాగేసినకొద్దీ నేల కుంచించుకుపోయి పునాది కదలొచ్చు. అసలు తేడా ఏ చెట్టు అన్నదాంట్లో ఉంది. రావి, మర్రి జాతులు ఇంటి పక్కన పనికిరావు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఎర్ర తురాయి పూస్తే కళ్లు తిప్పుకోలేం, కానీ కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి, రెండొందల గజాల స్థలానికి తగదు. 2014లో హుద్‌హుద్ తుపానుకి విశాఖలో ఎన్ని చెట్లు కూలాయో అక్కడివాళ్లకి గుర్తే. చిన్న స్థలానికి దేవగన్నేరు, పారిజాతం, చైనా గోరింట, దేవకాంచనం సరిపోతాయి, గోడకి ఏడెనిమిది అడుగుల దూరంలో పెట్టుకుంటే చాలు.

చివరిగా కోనోకార్పస్. త్వరగా పచ్చటి గోడలా పెరుగుతుందని ఇప్పటికీ అడుగుతున్నారు. సోమాలియా, యెమెన్ వైపు చెట్టు ఇది. దీని పుప్పొడితో జలుబు, అలర్జీలు వస్తాయన్న ఆందోళనతో గుజరాత్ 2023లో నిషేధించింది, తెలంగాణలోనూ నాటొద్దని ప్రభుత్వం చెప్పింది. ఇంట్లో దాన్ని అదుపులో ఉంచాలంటే ఏడాది పొడవునా కత్తెర పట్టుకునే ఉండాలి, కాబట్టి నేను పెట్టను. మీ ఇంట్లో ఇప్పటికే పెరిగి ఉంటే టెన్షన్ పడి రాత్రికి రాత్రి నరికించకండి. ఇంటి ఆవరణలోదైనా సరే, చెట్టు కొట్టడానికి సాధారణంగా వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. మీ చెట్టుకి అనుమతి అవసరమో కాదో ముందు అటవీ శాఖ వాళ్లని కనుక్కోండి. ఈలోగా పూతకి రాకముందే కొమ్మలు కత్తిరించేస్తూ ఉంటే పుప్పొడి బెడద తగ్గుతుంది.