మెదడుకు ఇన్సులిన్‌తో పనేమిటి?

షుగరును అదుపులో ఉంచుకుంటే మతిమరుపు దగ్గరికి రాదని ఈమధ్య తరచుగా వింటున్నాం. అరవై ఏళ్ల కిందట ఒక వైద్య విద్యార్థి ఇదే మాట పరీక్షలో రాసి ఉంటే మార్కులు పోయేవేమో.

1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి తొలి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇన్సులిన్ అంటే కండరాలు, కొవ్వు, కాలేయం సంగతే. మెదడు మన బరువులో రెండు శాతమే ఉన్నా, శరీరం ఖర్చు చేసే శక్తిలో ఐదో వంతు తానే తీసుకుంటుంది. అయినా గ్లూకోజును లోపలికి రానివ్వడానికి దానికి ఇన్సులిన్ అవసరం పెద్దగా లేదు. ఇది నేటికీ నిజమే. కాకపోతే, గ్లూకోజు కోసం అక్కరలేదు కాబట్టి అక్కడ ఇన్సులిన్‌కు మరే పనీ లేదని తేల్చేశారు.

1978లో అమెరికాలో యానా హవ్రాంకోవా, జెస్సీ రోత్ బృందం ఎలుక మెదడులో ఇన్సులిన్ గ్రాహకాలను (కణాలపై ఇన్సులిన్ వచ్చి అతుక్కునే చోట్లను) చూపించింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోనూ అవి ఉన్నాయి. 1999లో రోటర్‌డామ్ వృద్ధుల అధ్యయనం మధుమేహుల్లో డిమెన్షియా (తీవ్రమైన మతిమరుపు జబ్బు) ముప్పు దాదాపు రెట్టింపని చెప్పింది. ఇన్సులిన్ వాడేవారిలో ఆ ముప్పు మరీ ఎక్కువ. మందును అనుమానించనక్కరలేదు; ఆ రోజుల్లో జబ్బు ముదిరాకే చాలామందికి ఇన్సులిన్ మొదలుపెట్టేవారు.

2005లో సుజాన్ డి లా మాంటే బృందం, మెదడులో ఇన్సులిన్ పని దెబ్బతింటోందని చూసి, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌ను ‘టైప్ 3 డయాబెటిస్’ అనవచ్చేమో అంది. పేరు నోటికి పట్టేసింది, ఆధారాలు మాత్రం వెనకబడ్డాయి. ముక్కులో ఇన్సులిన్ పిచికారీ చేస్తే జ్ఞాపకశక్తి మెరుగవుతుందని 2012లో 104 మందితో జరిపిన చిన్న పరీక్ష ఆశ పెట్టింది. 289 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఏడాది వాడినా తేడా కనిపించలేదు.

మరి షుగరును బాగా కిందికి దించితే? మధుమేహులపై జరిపిన అకార్డ్ అనే పరీక్ష నుంచి 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం, కఠినంగా తగ్గించినవారి మెదడు కుంచించుకుపోవడం కాస్త తగ్గింది గానీ, నలభై నెలల తర్వాత కూడా జ్ఞాపకశక్తి, ఆలోచనా సామర్థ్యం ఇతరుల కంటే మెరుగ్గా ఏమీ లేవు. పైగా ఆ కఠిన చికిత్స పొందినవారిలో మరణాలు పెరగడంతో దాన్ని 2008లోనే ఆపేయాల్సి వచ్చింది. షుగరు ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలైన వృద్ధుల్లో తర్వాత డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని 2009లో మరో అధ్యయనం తెలిపింది. బలహీనంగా ఉన్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే రక్తపరీక్ష) 8 శాతం లోపు ఉన్నా చాలని డాక్టర్లు సడలింపు ఇస్తున్నది ఇలాంటి అనుభవాల వల్లే.