పిల్లకు టీకా వేయించాల్సింది అమ్మ, ఒప్పుకోవాల్సింది మాత్రం ఇంకెవరో: కొన్ని అపోహలు - వాస్తవాలు

టీకాల మీద అపోహలు అనగానే జ్వరం, ఆటిజం, పిల్లలు పుట్టరనే పుకార్లు గుర్తొస్తాయి. వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు. పల్లెలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగా నేను రోజూ వినే మాటలు కొన్ని వేరే ఉన్నాయి. టీకా ఎవరికి సమయానికి అందుతుంది, ఎవరికి ఆలస్యమవుతుంది, అందుకు తప్పెవరిది అనే వాటి చుట్టూ తిరిగే మాటలవి. చదువుకున్నవాళ్లు, మా శాఖలో పనిచేసేవాళ్లు కూడా వీటిని నమ్ముతుంటారు.

అపోహ: మన దగ్గర మగపిల్లలకే టీకాలు వేయిస్తారు, ఆడపిల్లలకు వేయించరు

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు అబ్బాయిల్లో 45 శాతం, అమ్మాయిల్లో 42 శాతానికి కొంచెం తక్కువ. 2015-16 సర్వే నాటికి ఇద్దరూ 62 శాతం దగ్గర కలిసిపోయారు. ఈ అంకెలు చూపించి "టీకాల్లో ఆడామగా తేడా పోయింది" అని మీటింగుల్లో చెబుతుంటారు. పిల్లల లెక్క వరకు అది సరే. తల్లి లెక్క ఎవరూ తీయరు. ఆమె ఎంతవరకు చదువుకుంది, చేతిలో నాలుగు డబ్బులు ఉంటాయా, ఒక్కతే ఆస్పత్రి దాకా వెళ్లగలదా అన్నదాన్ని బట్టే బిడ్డ టీకా కార్డు నిండుతుంది. 2019-21 సర్వేలో బజారుకు, ఆస్పత్రికి, ఊరు దాటి ఇంకోచోటికి, ఈ మూడింటికీ ఒంటరిగా వెళ్లే వీలుందన్న మహిళలు దేశంలో 42 శాతమే. తల్లి గడప దాటలేని ఇంట్లో కొడుకూ నష్టపోతాడు, కూతురూ నష్టపోతుంది.

అపోహ: టీకా ఉచితం, పైగా ఊళ్లోనే వేస్తారు. అయినా రాకపోతే అది తల్లి నిర్లక్ష్యమే

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. కాస్త ఎక్కువే రాస్తాను.

మన రెండు రాష్ట్రాల్లోనూ టీకాల రోజులు బుధవారం, శనివారం. పొద్దున పది ప్రాంతంలో మొదలై మధ్యాహ్నానికి దాదాపు అయిపోతుంది. పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతల్లో, నాట్లప్పుడు ఆ వేళకి ఊళ్లో ఆడవాళ్లు ఉండరు. కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి మా సిస్టర్ వ్యాక్సిన్ క్యారియర్ సర్దుకుని వెళ్లిపోయి ఉంటుంది. టీకా ఉచితమే, కానీ దానికోసం ఒక రోజు కూలి పోతుంది. పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేయించాక రాత్రికి బిడ్డకు జ్వరం వస్తే రెండో రోజు కూలి కూడా పోతుంది. రాత్రంతా ఏడ్చే బిడ్డను ఎత్తుకుని తిరిగేది ఆమే. "హాయిగా ఉన్నదాన్ని తీసుకెళ్లి సూది పొడిపించుకొచ్చావు" అని మాట పడేది కూడా ఆమే. జ్వరం సాధారణమేనని, పారాసిటమాల్ ఎప్పుడు ఎంత వేయాలో మేం చెప్పేది తల్లికి ఒక్కదానికే. ఇంట్లో మిగతావాళ్లకు ఎవరూ చెప్పరు. తర్వాతి డోసుకు ఆమె వెనకాడితే రిజిస్టర్‌లో "డ్రాపౌట్" అని రాసుకుంటాం.

ఇంకొకటి మన దగ్గర ప్రత్యేకంగా ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో. సీమంతం అయ్యాక అమ్మాయిని తీసుకెళతారు, మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి బిడ్డతో అత్తగారింటికి పంపుతారు. మంచి ఆచారమే, బాలింతకు విశ్రాంతి దొరుకుతుంది. కానీ పెంటా, రోటా (విరేచనాల వైరస్‌కు టీకా), పోలియో డోసులు పడాల్సింది ఆరు, పది, పద్నాలుగు వారాలకు. అంటే సరిగ్గా ఆ నెలల్లోనే. పుట్టింటి ఊళ్లో ఆశా వర్కర్ "వీళ్లు మా ఊరివాళ్లు కాదు, వెళ్లిపోతారు" అనుకుంటుంది. అత్తగారి ఊళ్లో ఆశాకు బిడ్డ పుట్టిన సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. రెండు ఊళ్ల డ్యూ లిస్టుల (టీకా వేయాల్సిన పిల్లల జాబితాల) మధ్య బిడ్డ జారిపోతుంది. మూడో డోసు ఆలస్యమైన పిల్లల ఇళ్లకు వెళ్లి అడిగితే టీకా మీద భయం ఉన్నవాళ్లకంటే ఇలా ఊరు మారినవాళ్లే నాకు ఎక్కువ తగిలారు. దీనికి చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఎంసీపీ కార్డును (తల్లీబిడ్డల టీకా కార్డును) చీరల పెట్టెలో కాకుండా ప్రయాణం సంచిలో పెట్టాలి, కొత్త ఊళ్లో దిగిన వారంలోనే అక్కడి ఆశాకు చూపించాలి. యూ-విన్‌లో (టీకాల నమోదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) బిడ్డ పేరు నమోదైతే తర్వాతి డోసు దేశంలో ఎక్కడైనా వేయించవచ్చు.

యూ-విన్ అనగానే ఫోన్ సంగతి వస్తుంది. టీకా గుర్తుచేసే మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోతోంది? 2019-21 సర్వే నాటికి సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. ఉన్నవాళ్లలో కూడా చాలామంది నంబరు అడిగితే భర్తదే చెబుతారు. ఆ భర్త హైదరాబాద్‌లో సెక్యూరిటీ డ్యూటీలోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. మెసేజ్ అక్కడికి పోతుంది, బిడ్డ ఇక్కడ ఉంటుంది.

అపోహ: అడ్డుపడేది అత్తగార్లే

అడ్డుపడేవాళ్లు ఉన్నారు, లేరనను. కానీ తట్టు వచ్చి పక్కింటి పిల్లలు పోవడం, పోలియోతో కాలు చచ్చుబడటం కళ్లారా చూసిన తరం వాళ్లదే. మనవడిని చంకనేసుకుని కార్డు పట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు తక్కువేం లేరు. కోడలికి చెప్పి పంపే బదులు అత్తమ్మనే కూర్చోబెట్టి మాట్లాడితే సగం పని అయిపోతుంది. అసలు ఎవరూ పలకరించనిది తండ్రిని. మా సమావేశాలన్నీ తల్లులకే, అదీ అతను పనిలో ఉండే పదకొండు గంటలకు. "పిల్లల సంగతి ఆడవాళ్లు చూసుకుంటారు" అన్న మాటను ఇంట్లోవాళ్ల కంటే గట్టిగా పాటిస్తున్నది మా శాఖే అనిపిస్తుంది ఒక్కోసారి.

అపోహ: ఆశాలు, ఏఎన్ఎంలు ఆడవాళ్లే కదా, ఇక ఇబ్బందేముంది?

ఆడమనిషి వస్తే తలుపు తెరుచుకుంటుంది, ఇది నిజం. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పోలియో కార్యక్రమం అనుభవం కూడా ఇదే చెప్పింది. మగ వర్కర్లు గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఇళ్లలోకి ఆ వాడల ఆడవాళ్లు వెళ్లగలిగారు. కానీ తలుపు తెరిచిన కోడలికీ, తలుపు తట్టిన ఆశమ్మకూ నిర్ణయం తీసుకునే హక్కు అంతంతమాత్రమే. చీకటి పడ్డాక తండాకు వెళ్లాలంటే ఆశాకు బండి ఉండదు, తోడు ఉండదు. కూలికి పోయేవాళ్లు ఇంట్లో దొరికేది మాత్రం ఆ వేళకే.

అపోహ: రుబెల్లా గర్భిణులకు వచ్చే సమస్య, అమ్మాయిలకు వేస్తే చాలు

బ్రిటన్ ఇలాగే అనుకుని 1970 నుంచి బడి అమ్మాయిలకే రుబెల్లా టీకా వేసింది. అబ్బాయిల్లో, చిన్నపిల్లల్లో వైరస్ తిరుగుతూనే ఉండటంతో టీకా పడని గర్భిణులకు సోకుతూనే ఉంది. చివరికి 1988లో ఆడామగా తేడా లేకుండా పిల్లలందరికీ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి వేసే టీకా) మొదలుపెట్టారు. గర్భం మొదటి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంటి శుక్లాలు, గుండె లోపాలు రావచ్చు. ఆ వైరస్‌ను ఇంటికి తెచ్చేది బడికెళ్లే అబ్బాయైనా కావచ్చు. అందుకే 2017లో మన రాష్ట్రాల్లో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా కార్యక్రమం జరిగినప్పుడు తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ వేశారు.

అపోహ: పెళ్లి కాని పిల్లకు హెచ్‌పీవీ టీకా ఎందుకు? మా పిల్ల అలాంటిది కాదు

ఈ మాట నాకు నేరుగా అన్నవాళ్లు కొందరే. మిగతావాళ్లు "ఆలోచించి చెబుతాం" అని లేచిపోతారు, అర్థం అదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా 1.2 లక్షలకు పైగా మహిళలకు వస్తోంది, 75 వేలకు పైగా చనిపోతున్నారు. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ వైరసే. ఇది శారీరక సంబంధం ద్వారా సోకుతుంది కాబట్టి, ఆ జీవితం మొదలవక ముందే టీకా వేస్తే ఎక్కువ ఫలితం. 9 నుంచి 14 ఏళ్లు అన్నది అందుకే. పెళ్లి తర్వాత భర్త నుంచి సోకినా సోకినట్టే. ఆ అమ్మాయి ఎంత పద్ధతిగా పెరిగిందో వైరస్ అడగదు. అబ్బాయిల నడవడి గురించి మాత్రం ఈ లెక్కలో ఎవరికీ సందేహం రాదు, గమనించారా? ఆస్ట్రేలియా 2013 నుంచి అబ్బాయిలకూ వేస్తోంది. మన దేశంలోనే సిక్కిం 2018లో బడుల ద్వారా వేసి అర్హులైన అమ్మాయిల్లో 95 శాతానికి పైగా చేరుకుంది. అక్కడేమీ కొంపలు మునగలేదు.

ఖమ్మం సంగతి చెప్పకుండా ఈ టీకా గురించి తెలుగులో రాయడం న్యాయం కాదు. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేశాయి. వాళ్లలో భద్రాచలం వైపు ఆశ్రమ హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు చాలామంది. కొందరు అమ్మాయిలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు నీళ్లలో పడటం, పాము కాటు, పురుగుల మందు వంటి కారణాలున్నాయని, టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. అయితే అనుమతి పత్రాల మీద చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారని కూడా బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

కాబట్టి ఆ జిల్లాలో ఒక తండ్రి "మా పిల్లల మీద ప్రయోగం చేస్తారా" అని అడిగితే దాన్ని మూఢనమ్మకం కింద కొట్టిపారేయడానికి లేదు. టీకా మంచిదే. 2006 నుంచి ప్రపంచమంతా కోట్ల డోసులు వేశారు, భద్రత విషయంలో రికార్డు బాగుంది. కానీ పేదింటి ఆడపిల్ల ఒంటి మీద నిర్ణయం ఎవరైనా తీసుకోవచ్చు అన్న అలవాటు ఒక మంచి టీకాను మన దగ్గర ఏళ్ల తరబడి వెనక్కి నెట్టింది. అందుకే ఇప్పుడు తల్లినీ తండ్రినీ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలంటాను. అమ్మాయికి కూడా, ఆమె వయసుకు అర్థమయ్యేలా.

అపోహ: నెలసరిలో ఉన్నప్పుడు టీకా వేయించుకోకూడదు

2021 ఏప్రిల్‌లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. నెలసరికి ఐదు రోజుల ముందూ, ఐదు రోజుల తర్వాతా కోవిడ్ టీకా వద్దని. అది అబద్ధమని ప్రభుత్వం వెంటనే ఖండించింది. అయినా మాట ఊళ్లలో ఉండిపోయింది. ఇప్పటికీ బడిలో టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షన్ వేసేటప్పుడు ఒకరిద్దరు పిల్లలు తలవంచుకుని పక్కకు తప్పుకుంటారు. నెలసరిలో ఏ టీకా అయినా వేయించుకోవచ్చు. కోవిడ్ టీకా తర్వాత కొందరికి నెలసరి తేదీ కొద్దిగా జరిగింది, నిజమే. సగటున ఒక్క రోజు కంటే తక్కువ తేడా, అదీ తాత్కాలికం. టీకా ట్రయల్స్ జరిగినప్పుడే ఈ ప్రశ్న అడిగి ఉంటే ఆడవాళ్లకు అంత టెన్షన్ ఉండేది కాదు. అప్పుడు ఎవరికీ తోచలేదు. బిడ్డకు పాలిచ్చే తల్లులకు కోవిడ్ టీకా అనుమతి 2021 మేలో, గర్భిణులకు జులైలో వచ్చింది. అప్పటికి రెండో వేవ్ చాలా ప్రాణాలు తీసేసింది.

ఆ జూన్ నాటికి దేశంలో టీకా వేయించుకున్న ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు ఆడవాళ్లు 870 దరిదాపుల్లో ఉన్నారు. స్లాట్ బుకింగ్‌కు ఫోన్, ఇంటర్నెట్, సెంటర్‌కు వెళ్లడానికి బండి కావాల్సిన రోజులవి. కేరళ, ఆంధ్రప్రదేశ్ వంటి కొద్ది రాష్ట్రాల్లో మాత్రం ఆడవాళ్లే ముందున్నారు. ఊరి దాకా టీకా తెచ్చి, ఇంటింటికీ వెళ్లి పిలిస్తే తేడా ఉంటుందని నా నమ్మకం. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు వయసు పరిమితి లేకుండా టీకా వేయాలన్న ఆంధ్ర నిర్ణయం కూడా పనికొచ్చింది. (మగవాళ్లు వెనకబడటానికి ఇంకో కారణం కూడా మాకు తెలుసు. టీకా వేయించుకుంటే కొన్నాళ్లు మద్యం ముట్టకూడదన్న పుకారు!)

అపోహ: తేదీ దాటిపోతే మళ్లీ మొదటి నుంచి వేయాలి, లేదా ఇక వేయరు

రెండూ తప్పే. ఆగిన దగ్గర నుంచే కొనసాగిస్తారు, పడిన డోసు వృథా కాదు. పెంటా మొదటి డోసు ఏడాది నిండేలోపు మొదలుపెట్టవచ్చు. మొదలైతే మిగతా రెండూ ఆలస్యమైనా పూర్తి చేస్తారు. ఎంఆర్ ఐదేళ్ల లోపు, డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) ఏడేళ్ల లోపు వేస్తారు. ఈ సంగతి చాలామంది తల్లులకు తెలియదు. వెళితే సిస్టర్ అందరిముందూ తిడుతుందేమోనని భయపడి రావడమే మానేస్తారు. తిట్టేవాళ్లూ ఉన్నారు మరి. అదే బిడ్డను తండ్రి తీసుకొస్తే "పాపం, పని మానుకుని వచ్చాడు" అని ముందు వరుసలో కూర్చోబెడతారు. ఆలస్యమైన కార్డుతో వచ్చిన తల్లిని మా కేంద్రంలో ఎవరూ "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు" అని అడగకూడదని చెప్పి ఉంచాను. ఇవాళ వేయాల్సినవి వేసి, తర్వాతి తేదీ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ రోజు ఆమె ఏ ఊళ్లో ఉంటుందో అడిగి పంపిస్తున్నాం.