డాకింగ్ స్కోరుతో షుగర్ తగ్గదు: ఈ గొడవంతా 2010లో మొదలైంది

"ఈ ఆకులో షుగర్‌కి మందుంది, కంప్యూటర్ తేల్చింది" అనే వార్త మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఒకవైపు సంబరం, ఇంకోవైపు ఫార్మకాలజీ చదివినవాళ్ల కోపం. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2010 సంగతి తెలియాలి.

ఆ ఏడాది అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థకు చెందిన ఓలెగ్ ట్రాట్, ఆర్థర్ ఓల్సన్ రాసిన పేపర్ అచ్చయింది. ఆటోడాక్ వీనా అనే సాఫ్ట్‌వేర్ గురించి. ఒక ప్రొటీన్ ఆకారం, ఒక చిన్న అణువు ఆకారం ఇస్తే ఆ అణువు ప్రొటీన్‌లో ఎక్కడ కూర్చుంటుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో అంచనా వేసి మోల్‌కి (మోల్ అంటే అణువుల లెక్కకు వాడే కొలత) ఇన్ని కిలోక్యాలరీలని ఒక స్కోరు ఇస్తుంది. స్కోరు ఎంత మైనస్‌లోకి వెళితే పట్టు అంత గట్టిదని లెక్క. దీన్నే డాకింగ్ అంటారు. డాకింగ్ అంతకుముందూ ఉంది, కానీ వీనా పాత ఆటోడాక్ కంటే దాదాపు 100 రెట్లు వేగంగా పనిచేస్తుంది, పైగా ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. షుగర్ మందులు పనిచేసే డీపీపీ-4, ఆల్ఫా గ్లూకోసిడేజ్ లాంటి ప్రొటీన్ల ఆకారాలు అప్పటికే ప్రొటీన్ డేటా బ్యాంక్ అనే ఆన్‌లైన్ భండారంలో అందరికీ దొరుకుతున్నాయి. ఇక మొక్కల్లో ఏ రసాయనాలున్నాయో చెప్పే జాబితా లోటును 2018లో చెన్నైలోని గణితశాస్త్ర సంస్థ తీర్చింది, 1,742 భారతీయ ఔషధ మొక్కల్లోని 9,596 రసాయనాలతో ఇంపాట్ అనే డేటాబేస్ పెట్టింది. ఇక ల్యాబ్ సౌకర్యం లేని కాలేజీలో కూడా పొడపత్రి మీదో నేరేడు మీదో ప్రాజెక్టు చేసేయొచ్చు.

నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్‌ని అందరూ తీసుకున్నారు, దాని గురించి తయారుచేసినవాళ్లే రాసిపెట్టిన హెచ్చరికని మాత్రం చాలామంది వదిలేశారు. వీనా అంచనాలో ప్రామాణిక దోషం, అంటే అంచనా అసలు విలువకు మామూలుగా ఎంత దూరంలో ఉంటుందో ఆ తేడా, మోల్‌కి 2.85 కిలోక్యాలరీలని ఆ పేపర్‌లోనే ఉంది. 1.4 కిలోక్యాలరీలు అటూఇటూ అయితేనే అణువు పట్టు 10 రెట్లు మారిపోతుంది. అంటే దోషం 2.85 ఉంటే పట్టు 100 రెట్లకు పైగా తప్పొచ్చు. అలాంటప్పుడు ఒక మొక్క రసాయనానికి మైనస్ 8.4, మార్కెట్లో ఉన్న మాత్రకి మైనస్ 7.9 వచ్చిందని "మందు కంటే మెరుగు" అని రాయడానికి ఆధారమేముంది?

"ల్యాబ్‌లో కూడా చూశాం" అనే జవాబు వస్తుంది. అదే 2010లో ఆస్ట్రేలియాకు చెందిన జొనాథన్ బేల్, జార్జినా హాలోవే ఇంకో పేపర్ వేశారు. కొన్ని రకాల అణువులు ఎన్నో వేర్వేరు పరీక్షల్లో పనిచేస్తున్నట్టే కనిపిస్తాయనీ, అది పరీక్షను చెడగొట్టడమే తప్ప మందు గుణం కాదనీ చూపించారు. పసుపులోని కర్‌క్యుమిన్ అలాంటిదే. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం దాని మీద 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయి, ప్లాసిబో అనే ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎవరికి ఏదిచ్చారో రోగికీ డాక్టర్‌కీ తెలియకుండా (డబుల్ బ్లైండ్‌గా) చేసినవాటిలో ఒక్కటీ గట్టిగా నెగ్గలేదు.

అణువు ప్రొటీన్‌ని నిజంగానే సరిగ్గా పట్టుకున్నా కథ అయిపోదు. ఆపిల్ చెట్టు బెరడులోని ఫ్లోరిజిన్ 1835 నుంచీ తెలుసు, మూత్రంలోకి చక్కెరను పంపిస్తుందని 1880ల్లోనే చూశారు. కానీ మింగితే పేగుల్లోనే విరిగిపోతుంది. ఆ నిర్మాణాన్ని రసాయన శాస్త్రవేత్తలు మార్చి మార్చి, ట్రయల్స్ అన్నీ దాటించాకే ఇప్పుడు డాక్టర్లు రాస్తున్న షుగర్ మాత్ర డాపాగ్లిఫ్లోజిన్ వచ్చింది. మధ్యలో వందేళ్లకు పైనే గడిచాయి.

డాకింగ్ చేసేవాళ్లు ఇది మొదటి వడపోత మాత్రమే అంటారు, డబ్బూ జంతువుల ప్రాణాలూ మిగులుతాయంటారు. ఆ మాట నిజమే, వేల అణువుల్లోంచి పాతికని ఎంచుకోవడానికి ఇది చవకైన దారే. అయితే వడపోతతోనే పేపర్ ముగించి, పత్రికా ప్రకటనలో "చికిత్స" అని రాస్తున్నదెవరు? మొక్కల మందుల మీద వచ్చే ముఖ్యమైన జర్నల్స్ కొన్ని, ప్రయోగం లేకుండా కేవలం డాకింగ్‌తో వచ్చే పేపర్లను తీసుకోబోమని నిబంధనే పెట్టుకున్నాయి.

మానుపసుపులోని బెర్బరిన్ విషయం కాస్త వేరు. దానికి చైనాలో మనుషుల మీద చిన్న ట్రయల్స్ ఉన్నాయి, షుగర్ కొంత తగ్గింది కూడా. 2023లో సోషల్ మీడియాలో దాన్ని ఏకంగా "ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్" చేసేశారు. ఒజెంపిక్ అంటే షుగర్‌కి ఇచ్చే, బరువు కూడా తగ్గించే ఇంజెక్షన్. ఒజెంపిక్‌లో ఉండే సెమాగ్లుటైడ్ ఎక్కువ డోసులో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గించింది, బెర్బరిన్‌తో తగ్గేది దాని దరిదాపుల్లో కూడా లేదు. పైగా బెర్బరిన్ లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా సైక్లోస్పోరిన్ వాడేవాళ్ల రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోయినట్టు పరీక్షల్లో తేలింది.