పాలలో అణుధూళి: పసిపిల్లల లెక్క ఎందుకు వేరు?

జపాన్‌లోనో ఉక్రెయిన్‌లోనో అణు ప్రమాదం జరిగిందంటే, హైదరాబాద్‌లో తల్లిదండ్రులకు ముందు పాలడబ్బా మీదే అనుమానం వస్తుంది. దాన్ని ఉత్త కంగారు అని కొట్టిపారేయలేం. ఈ కథంతా పాల చుట్టూనే తిరిగింది.

1950లలో అగ్రరాజ్యాలు ఆరుబయట అణుబాంబులు పేల్చాయి. ఆ ధూళి వేల మైళ్లు పోయి, వానతో గడ్డి మీద దిగింది. గడ్డి ఆవు మేసింది, పాలు బిడ్డ తాగింది. ఆ ధూళిలోని రేడియోధార్మిక పదార్థం, కాల్షియంలా ప్రవర్తించే స్ట్రాన్షియం-90 ఎదిగే ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ లూయీజ్ రీస్ బృందం ఊడిన పాలపళ్లు సేకరించి మరీ దీన్ని కొలిచింది. ఆరుబయట పరీక్షలను ఆపిన 1963 ఒప్పందం వెనక ఆ పళ్ల ఒత్తిడి కూడా ఉంది. అంతకుముందే, 1957లో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్ రియాక్టర్‌లో మంటలు లేచినప్పుడు చుట్టుపక్కల పాలన్నీ పారబోశారు.

విండ్‌స్కేల్‌లో భయం అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్ గురించి. అది మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. పెద్దవాళ్ల థైరాయిడ్ సుమారు 20 గ్రాములుంటే ఏడాది బిడ్డది 2 గ్రాములకు అటూఇటూ. అంతే అయోడిన్ చేరినా దెబ్బ పదింతలు. పైగా బిడ్డకు ఆహారమంటే పాలే. 1986లో ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలినప్పుడు సోవియట్ అధికారులు పాలను సకాలంలో ఆపలేదు. తర్వాతి ఏళ్లలో వేలమంది పిల్లలకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. పక్కనే ఉన్న పోలండ్ కోటిమందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ మందు పట్టించింది; థైరాయిడ్ దానితో నిండిపోతే రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదు.

చెర్నోబిల్ సెగ మనకూ తగిలింది. ఐర్లండ్ నుంచి దిగుమతైన వెన్నపై వేసిన కేసు బొంబాయి హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నిపుణుల సంఘం తినొచ్చంది. 1988లో కోర్టు ఒప్పుకుంది. చెర్నోబిల్ ధూళిలోని మరో రేడియోధార్మిక పదార్థం సీజియం పాలలోని నీటి భాగంతోనే పోతుంది, వెన్నలో కొంచెమే మిగులుతుంది.

జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత, 2011 మార్చిలో టోక్యో కుళాయి నీళ్లలో అయోడిన్-131 కిలోకు 210 బెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) తేలింది. పెద్దల పరిమితి 300, పసిపిల్లలకు 100. బిడ్డలున్న ఇళ్లకు సీసా నీళ్లు పంచారు. 2012 ఏప్రిల్ నుంచి జపాన్ సీజియం పరిమితిని మామూలు ఆహారానికి 100, శిశు ఆహారానికి 50 చేసింది.

పాలు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ రేడియోధార్మికత పోదు. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, 80 రోజులకు వెయ్యోవంతు మిగులుతుంది. అందుకే ఆ పాలను పొడిచేసి దాచినా సరిపోతుంది. సీజియం-137 సగమవడానికే 30 ఏళ్లు.

మరి మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పక్కనున్న అణు ఇంధన సముదాయం సంగతి? అక్కడ యురేనియం శుద్ధి చేసి ఇంధనం తయారుచేస్తారు, విద్యుత్ రియాక్టర్ లేదు. కాబట్టి అయోడిన్-131 భయం అక్కడ వర్తించదు. ఆ చుట్టుపక్కల పరీక్ష చేయించాల్సింది బోరునీళ్లను: యురేనియం ఒకటి, శుద్ధిలో నైట్రిక్ యాసిడ్ వాడతారు కాబట్టి నైట్రేట్లు ఇంకొకటి. ఆ నైట్రేట్లు కూడా పెద్దలకన్నా, ఆ నీళ్లలో పాలపొడి కలిపి తాగే పసిబిడ్డలకే ఎక్కువ చేటు.